ఒక్క రోజు చిత్రంతో పొలం తెలియదు: హాలియా, గుర్రంపోడు పటం వేసిన నా అనుభవం

పీజీ ప్రాజెక్టు కోసం నల్గొండ జిల్లాలో హాలియా, గుర్రంపోడు వైపు నేల పటం వేశాను. వరి, పత్తి, బత్తాయి తోటలు, చెరువులు, గుట్టలు, పడావు భూములు ఎక్కడెక్కడున్నాయో ఉపగ్రహ చిత్రాల్లోంచి విడదీయాలి. ఒక పక్క సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, ఇంకో పక్క బోర్ల మీద బతికే ఎర్ర చెలకలు. ఇంత దగ్గరలో ఇన్ని రకాల నేల ఉంది కాబట్టే ఈ ప్రాంతం తీసుకున్నాను.

యూరప్‌వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో పిక్సెల్ నేల మీద 10 మీటర్లు. రెండు ఉపగ్రహాలు కలిసి 5 రోజులకోసారి అదే చోటును చూస్తాయి. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో చేస్తే లెక్కలన్నీ గూగుల్ కంప్యూటర్లలోనే జరుగుతాయి, డౌన్‌లోడ్ల టెన్షన్ లేదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది, మన కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ. పచ్చదనం పెరిగేకొద్దీ అది 1 వైపు పోతుంది.

కానీ సెప్టెంబరులో వరీ పచ్చనే, పత్తీ పచ్చనే, తోటా పచ్చనే. మే నెలలో కోసిన మడి, పడావు భూమి, గుట్ట వాలు అన్నీ ఒకటే రంగు. అందుకని నెలనెలా ఎన్‌డీవీఐ తీసి ఏడాది గ్రాఫులు గీశాను. వాటిని చూస్తుంటే గంటలు తెలిసేవి కావు. కాలువ కింది వరి వానాకాలంలో ఒకసారి, యాసంగిలో ఒకసారి లేచి పడుతుంది. పత్తి నిదానంగా లేచి ఒక్కసారే దిగుతుంది. బత్తాయి తోట మే ఎండలో కూడా పెద్దగా దిగదు. ఊరి ఇళ్లు ఏడాదంతా దాదాపు ఒక్కతీరుగా ఉంటాయి, దున్నిన చెలక వానలు పడగానే మారిపోతుంది. ఒక్క రోజు చిత్రంలో ఈ రెండూ కలిసిపోతాయి.

నాట్ల సమయంలో మాత్రం మబ్బులు కమ్మేస్తాయి. దానికి సెంటినెల్-1 ఉపగ్రహపు రాడార్ పనికొచ్చింది. అది తానే తరంగాలు పంపి, నేలను తాకి తిరిగొచ్చినవి పట్టుకుంటుంది, ఆ తరంగాలు మబ్బుల్లోంచి వస్తాయి. నీళ్లు పెట్టిన మడి నున్నగా ఉంటుంది కాబట్టి ఆ తరంగాలు అవతలికి జారిపోయి చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. పైరు ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది. వరిని పట్టించడానికి నాకు ఇంతకంటే గట్టి ఆనవాలు దొరకలేదు.

రెడీమేడ్ పటం వాడుకోవచ్చు కదా అని ఫ్రెండ్స్ అడిగారు. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ వేసిన వరల్డ్‌కవర్ పటం మంచిదే. కానీ అందులో పంట భూమి అంటే ఏటా విత్తి కోసే పంటలే. పండ్ల తోటలు చెట్లు లేదా పొదల లెక్కలో జమవుతాయి. బత్తాయి మీద బతికే ఊళ్లకు ఆ పటం చూపించి ఇవి మీ పంటలు అని ఎట్లా చెప్తాం?

ఊళ్లలో జీపీఎస్ పాయింట్లు తీసుకుంటుంటే "భూములు గుంజుకుంటరా బిడ్డా?" అని అడిగేవాళ్లు. ఆ భయం ఊరికే రాలేదు. ఫోన్‌లో వాళ్ల చేనే చూపించి, ఏ పంట ఎక్కడుందో రాసుకుంటున్నానని చెప్పాకే పాయింటు తీసుకునేవాణ్ని. ఒక చోట మే నెలలో కూడా పచ్చగా ఉన్న ముక్క ఒకటి గ్రాఫులో అచ్చం తోటలా ఉంది. "తోట ఏడిది, చెరువు శిఖం అది. నీళ్లు లేక సర్కారు తుమ్మ మొలిచింది" అని ఒక పెద్దాయన చెప్పాడు. శిఖం అంటే చెరువు లోపలి నేల. ఆ తర్వాత శిఖం భూములన్నీ విడిగా చూశాను. హై రిజల్యూషన్ చిత్రంలో తోటకు సాళ్లుంటాయి, తుమ్మకు ఉండవు. చెరువు నిండిన ఏడాది చిత్రం తీస్తే అక్కడ నీళ్లు కనిపిస్తాయి.

ఏ పిక్సెల్ ఏ రకమో విడదీయడానికి రాండమ్ ఫారెస్ట్ వాడాను. ఊళ్లలో తీసుకున్న పాయింట్ల నుంచి నేర్చుకుని, మిగతా పిక్సెళ్లు ఏ రకమో చెప్పే కంప్యూటర్ పద్ధతి అది. ఈ పని మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట: పరీక్షకు పెట్టే పాయింట్లను వేరే పొలాల నుంచే తీసుకోండి. ఒకే మడిలో ఒక పాయింటు నేర్పడానికి, పక్క పాయింటు పరీక్షకు పెడితే ఫలితం చాలా గొప్పగా కనిపిస్తుంది, నిజం మాత్రం అందులో ఉండదు.

వరి, నీళ్లు, తోట బాగానే విడిపోయాయి. పత్తి సాళ్ల మధ్య కంది వేసిన చేలు మాత్రం 10 మీటర్ల పిక్సెల్‌కు అందలేదు. వాటిని పటంలో "పత్తి, కంది" అని ఒకే రంగులో ఉంచి, కింద కారణం కూడా రాశాను.