చీపురు పుల్ల

నేను కువైట్ వెళ్లింది కారు నడపడానికి. మా కడప జిల్లా నుంచి వెళ్లేవాళ్లలో చాలామంది బతుకుదెరువు అదే. కఫీలు, అంటే నన్ను పనికి పెట్టుకున్న యజమాని, ఇంటి మేడమీద ఒక గదిలో ఎండాకాలమంతా ఏసీ ఆగేది కాదు. అందులో ఉండేవి పిట్టలు. పిల్లలను బడిలో దింపి వచ్చాక ఆ గది ఊడ్చే పనీ నాదే.

మన ఊళ్లో వాటిని లవ్ బర్డ్స్ అనేస్తారు. లవ్ బర్డ్స్ ఆఫ్రికా పిట్టలు, ఇవి ఆస్ట్రేలియా బడ్జెరిగార్లు. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త వీటిని ఇంగ్లండుకు తెచ్చినప్పుడు పిడికిట్లో పట్టేంత ఉండేవి. పోటీల కోసం పెంచీ పెంచీ, నెత్తి నుంచి తోక కొస దాకా 216 మిల్లీమీటర్లు ఉండాలని కొలత పెట్టుకున్నారు.

చలికాలంలో ప్రదర్శనకు పంజరాలు మోసేవాణ్ణి. మోసేవాడు నోరు తెరవకూడదు. జడ్జి చిన్న పుల్లతో పంజరాన్ని తాకితే పిట్ట సర్దుకుని నిలబడేది. గొంతు మీద ఆరు నల్ల చుక్కలుండాలి, గుండ్రంగా, ఒకే పరిమాణంలో. చివరి రెండూ చెంపల ఊదా మచ్చల కింద కాస్త దాగాలి. నిజానికి చుక్కలు అంతకంటే ఎక్కువే మొలుస్తాయి. ముందురోజు కూర్చుని అదనపు ఈకలు పీకేస్తారు. ఒకసారి నా చేయి జారి, ఉండాల్సిన చుక్కే ఊడొచ్చింది. కఫీలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఈక మళ్లీ వచ్చేసరికి పోటీ అయిపోయింది.

ఇలా చూడటం మా నాయన దగ్గరే అలవాటైంది. ఎద్దుల సంతలో సుడులు, పళ్లు, గిట్టలు చూసి, తువ్వాలు కింద వేళ్లు పట్టి బేరం తేల్చేవాడు. అయితే సంతలో ఎద్దుకంటే ముందు దాని ఆసామిని చూస్తారు. ప్రదర్శనలో పంజరాలన్నీ ఒకే తీరు, బయట నలుపు, లోపల తెలుపు. నంబరే తప్ప పేరుండదు. నాకు నచ్చింది అదే.

ఒక పెద్ద జడ్జి, "నువ్వయితే దేన్ని ముందు పెడతావు?" అని అడిగాడు. అప్పటి నుంచి నా వరుస నేను విడిగా రాసి, ఆయనదానితో పోల్చుకునేవాణ్ణి. మొదట్లో పెద్ద తల చూసి మోసపోయేవాణ్ణి. తోకలో ఈక లేదన్న సంగతి ఆయన చెబితే గాని కనిపించేది కాదు. మూడు చలికాలాలు గడిచాక కొత్త పెంపకందార్ల విభాగం నాకు అప్పగించారు. అరువు తెచ్చిన తెల్లకోటు వేసుకున్నాను. ఆ రోజు కఫీలు తన కారు తానే నడుపుకుంటూ వచ్చాడు.

మొన్న సెలవుకు కడప వచ్చినప్పుడు అన్న కూతురు తన పంజరం తెచ్చి ముందు పెట్టింది.

"చిన్నాన్నా, ఏది ఫస్టు?"

చీపురు పుల్లతో తాకాను. నీలం పిట్ట నిటారుగా నిలబడింది. పచ్చది పుల్లను కొరికి పట్టుకుంది. దాని తోకలో రెండు ఈకలు లేవు.

పచ్చదే ఫస్టు అన్నాను.