ఓవర్‌హెడ్ డబ్బు ఎక్కడికి పోతుంది?

అమెరికాలో బయాలజీ ల్యాబుల్లో పనిచేసే మాలాంటి వాళ్లలో చాలామందికి జీతం ప్రొఫెసర్ తెచ్చుకున్న ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ) గ్రాంటు నుంచే వస్తుంది. గ్రాంటు నాలుగైదేళ్లకు అయిపోతుంది, మళ్లీ పోటీపడి గెలుచుకోవాలి. రాకపోతే ఉద్యోగం పోయినట్టే. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకైతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులు.

2025 ఫిబ్రవరిలో గ్రాంట్ల మీద ఇచ్చే ఓవర్‌హెడ్‌ను, అంటే నేరుగా పరిశోధనకయ్యే ఖర్చు మీద అదనంగా విశ్వవిద్యాలయానికిచ్చే నిర్వహణ ఖర్చులను, 15 శాతానికి కుదిస్తామని ఎన్‌ఐహెచ్ ప్రకటించింది. కొన్ని పెద్ద విశ్వవిద్యాలయాలకు అది 50 శాతం పైనే ఉండేది. వినగానే ఎవరికైనా దుబారా అనిపిస్తుంది. రోజూ కళ్లారా చూస్తున్నాను కాబట్టి చెబుతున్నా, అది దుబారా కాదు. మా వరండాలో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు వరసగా ఉంటాయి. ఏళ్ల తరబడి సేకరించిన రక్త నమూనాలన్నీ వాటిలోనే. ఏ అర్ధరాత్రో ఒకటి మొరాయిస్తే అలారం మోగుతుంది, దగ్గర్లో ఉన్నవాళ్లు పరుగున వచ్చి డబ్బాలన్నీ పక్క ఫ్రీజర్‌లోకి మారుస్తారు. ఆ కరెంటు, జనరేటరు, రసాయన వ్యర్థాలు పట్టుకెళ్లే మనిషి, గ్రాంటు లెక్కలు రాసే గుమాస్తా, అన్నీ ఓవర్‌హెడ్ కిందికే వస్తాయి. ఆ కోతను కోర్టు అడ్డుకుంది. ఈలోపే కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించేశాయి, ఇచ్చిన ఆఫర్లను వెనక్కి తీసుకున్నవీ ఉన్నాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ సీట్ల సంగతే. ఇక్కడ డిగ్రీ పిల్లలకు ల్యాబు క్లాసుల్లో పిపెట్ పట్టుకోవడం నేర్పేది, రిపోర్టులు దిద్దేది చాలాచోట్ల పీహెచ్‌డీ విద్యార్థులే. వాళ్లు తగ్గితే చదువూ పలచబడుతుంది. అలా నేర్చుకునే డిగ్రీ పిల్లలు ఏం చేయగలరో చూడండి. 1960ల్లో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త థామస్ బ్రాక్ అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కు వేడినీటి బుగ్గల్లో సూక్ష్మజీవుల కోసం వెతికారు. సైన్స్ పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ డబ్బిచ్చింది. ఆయనతో కలిసి థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాను వేరుచేసిన హడ్సన్ ఫ్రీజ్ అప్పటికి ఇండియానా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతున్న కుర్రాడు. చాలా వేడిని కూడా తట్టుకునే దాని ఎంజైమే దాదాపు రెండు దశాబ్దాల తర్వాత పీసీఆర్‌ను, అంటే కొద్దిపాటి డీఎన్‌ఏకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతిని, సులభం చేసింది. కోవిడ్‌కు చేసిన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలు జరిగింది ఆ పద్ధతిలోనే. అన్నేళ్లు ఆగి ఫలితం కోసం చూసే కంపెనీ ఏదీ ఉండదు. అలాంటి పనికి ప్రజల డబ్బే దిక్కు.

మా ల్యాబులో ఈ ఏడు కొత్త పీహెచ్‌డీ విద్యార్థిని తీసుకోలేదు. వేసవిలో పని నేర్చుకుంటామని నలుగురు డిగ్రీ పిల్లలు అడిగారు. పక్కన నిలబడి నేర్పే మనుషులు లేక ఇద్దరికే సరేనన్నాం.