హులా చూసేముందు పాట వినండి

హవాయి వెళ్లొచ్చిన చాలామంది అక్కడి సంప్రదాయ నాట్యం హులాని ఏదో రిసార్ట్ డిన్నర్‌లో చూసి వచ్చేస్తారు. అదీ బాగానే ఉంటుంది, కానీ బిగ్ ఐలాండ్‌లోని హీలోలో, ఈస్టర్‌తో మొదలయ్యే వారంలో జరిగే మెర్రీ మోనార్క్ ఉత్సవంలో కాహికో చూశాక నాకు అది ఏ మూలకీ సరిపోదనిపించింది.

కాహికో అంటే పాత పద్ధతి హులా. గిటార్ ఉండదు, ఉకులేలే అనే చిన్న తీగవాద్యమూ ఉండదు, గొంతు, దరువు అంతే. ఇపు హెకే అని రెండు సొరబుర్రల్ని ఒకదాని మీద ఒకటి అతికించి చేసిన వాద్యం పట్టుకుని గురువు ఓ పక్కన కూర్చుంటారు. దాన్ని కింద పరిచిన మెత్త మీదకి దించితే బరువుగా ‘ధుమ్’మంటుంది, పైకెత్తి వేళ్లతో చరిస్తే పొడిగా ‘టక్ టక్’ అంటుంది. ఆ దెబ్బకి వరసలోని పాదాలన్నీ ఒకేసారి పడతాయి, మోకాళ్లు వంచే ఉంటాయి, చీలమండలకి కట్టుకున్న ఆకుల దండలు అదురుతాయి. కూచిపూడిలో నట్టువాంగం పట్టిన గురువుని తలచుకోండి, ఇక్కడ కూడా ఆట మొత్తం ఆ గొంతు చేతిలోనే ఉంటుంది.

అసలు హులాకి ప్రాణం పాటే. చేతులు చెప్పేదంతా పాటలో ఉన్నదే, చేయి ఎటు పోతే చూపు అటు పోతుంది. అక్కడ ఒక్కో ఊరి వానకి ఒక్కో పేరుంది, హీలో వానని కనిలెహువా అంటారు, ఆ పేరు పాటలో వచ్చినప్పుడు స్థానికుల మొహాలు చూడాలి! మనకి భాష రాకపోయినా, ఆడబోయే పాట అర్థం ముందే ఎవరినైనా అడిగి తెలుసుకుంటే చూసే తీరే మారిపోతుంది.

ఇదంతా దాదాపు పోయి మళ్లీ వచ్చింది. 1820లో క్రైస్తవ మిషనరీలు వచ్చారు, 1830లో రాణి కాʻఅహుమాను బహిరంగంగా హులా ఆడటాన్ని నిషేధించింది. 1883లో తన పట్టాభిషేక వేడుకల్లో రాజు కలాకౌవా హులాని అందరి ముందుకీ తెచ్చాడు, ఉత్సవం పేరు ఆయన బిరుదే. ఆయన పోయాక 1896 చట్టంతో బడుల్లో హవాయి భాష పోయి ఇంగ్లిష్ వచ్చింది. పాటే ప్రాణమైన నాట్యానికి భాష పోతే ఇంకేం మిగులుతుంది? అయినా గురువులు పాటల్ని శిష్యులకి నోటితోనే అప్పగించారు. 1978లో హవాయి మళ్లీ అధికార భాష అయింది. ఇప్పుడు వేదిక మీద కుర్రాళ్లు గుక్క తిప్పుకోకుండా ఆ భాషలో పాడుతుంటే నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

రెండో రకం ఔవానా. ఇందులో ఉకులేలే, గిటార్, పూలు, నవ్వులు. 1879లో మదీరా దీవి నుంచి వచ్చిన పోర్చుగీసు కూలీలు తెచ్చిన చిన్న తీగవాద్యమే ఉకులేలేగా మారింది. మనం హవాయి గిటార్ అని పిలిచే స్టీల్ గిటార్ మాత్రం అక్కడే పుట్టింది, జోసెఫ్ కెకుకు అనే కుర్రాడి చేతిలో. ఔవానా అందంగా ఉంటుంది, కాదనను, నా ఓటు మాత్రం కాహికోకే.

ఈ ఉత్సవంలో జరిగే హులా పోటీల టికెట్లు దొరకడం కష్టం. బుధవారం రాత్రి పోటీ కాని ప్రదర్శన ఉంటుంది, దానికి ప్రవేశం ఎలాగో ముందే కనుక్కోండి. అంత దూరం వెళ్లలేనివాళ్లు పోటీలని లైవ్‌లో చూడొచ్చు, శుక్రవారం రాత్రి జరిగే కాహికో పోటీ మాత్రం వదలకండి.