బూట్లేసుకుంటే వెనక బ్రేక్ తెలియట్లేదా?

కొత్త రైడింగ్ బూట్ల బరువు రెండ్రోజుల్లో అలవాటవుతుంది, అసలు చిక్కంతా వెనక బ్రేక్‌తోనే. చెప్పులేసుకుని నడిపే మనకు పెడల్ ఎంత నొక్కామో పాదానికే తెలిసిపోతుంది, అదే మందపాటి సోల్ వచ్చాక ఏమీ తెలియదు, ఒక్కోసారి బూటు ముందుభాగం పెడల్ మీద ఆనుకునే ఉండి బ్రేక్ లైట్ వెలుగుతూనే ఉంటుంది, వెనక డ్రమ్ వేడెక్కిపోతుంది.

కడప-రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు దీని సంగతి బాగా తెలుస్తుంది. మలుపులో లారీ ఎదురైతే కంగారులో కాలు గట్టిగా పడుతుంది. బ్రేక్ గట్టిగా పడినా చక్రం లాకవకుండా చూసేది ఏబీఎస్, కానీ సింగిల్ ఛానల్ ఏబీఎస్ కాపాడేది ముందు చక్రాన్నే, వెనకది లాకై జారుతుంది. బ్రేక్ వేయగానే బరువు ముందుకొస్తుంది కాబట్టి బండిని ఆపే పని ఎక్కువగా ముందు బ్రేక్‌దే. వెనకది యూటర్న్‌లో, ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోయేటప్పుడు భలే పనికొస్తుంది.

మెకానిక్ దగ్గరికి బూట్లతోనే వెళ్లి, బండి మీద కూర్చుని పెడల్ ఎత్తు కాస్త దించమనండి. బ్రేక్ లైట్ స్విచ్ కూడా సరిచేయించాలి, అది చాలామంది మర్చిపోతారు. మడమ ఫుట్‌రెస్ట్ మీద ఆనించి వేళ్లతోనే నొక్కడం ఖాళీ రోడ్డులో ప్రాక్టీస్ చేయండి. కడప ఎండల్లో బూట్లేంది సామీ అంటారా? పొద్దున్నే బయల్దేరండి మరి.