జాబితాలో వాళ్ళన్న పేరు

నేను లిథువేనియా రాజధాని విల్నియస్‌లో ఒక పేమెంట్ల కంపెనీలో పనిచేస్తున్నాను. డబ్బు పంపేవాళ్ళ పేర్లు, అందుకునేవాళ్ళ పేర్లు ఆంక్షల జాబితాల్లో, అంటే డబ్బు లావాదేవీలు జరపకూడదని ప్రభుత్వాలు పెట్టిన పేర్ల జాబితాల్లో, ఉన్నాయేమో చూడటం నా ఉద్యోగం. ముందు సిస్టం చూస్తుంది. అనుమానం వస్తే ఎర్ర గుర్తు పెట్టి నా ముందుకు తోస్తుంది. వదలాలో ఆపాలో నేను తేల్చాలి.

నా పక్క సీటు అమ్మాయిది బెలారస్, మిన్స్క్. తన పేరు రాయను, అమ్మానాన్నలు ఇంకా అక్కడే ఉన్నారు. 2020 ఆగస్టు 9 అధ్యక్ష ఎన్నికల్లో మోసం జరిగిందంటూ జనం రోడ్ల మీదికి వచ్చారు కదా, వాళ్ళన్న కూడా వెళ్ళాడు. తర్వాత పట్టుకున్నారు. మొదట్లో జైలు నుంచి ఉత్తరాలు వచ్చేవి, చివరి ఏడాదిలో అవీ ఆగిపోయాయి. బతికే ఉన్నాడా అని తను నన్ను ఎప్పుడూ అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు. ఇద్దరం పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెలారస్ అధ్యక్షుడు లుకషెంకో ప్రభుత్వానికి సంబంధించిన కంపెనీల పేమెంట్లు ఆపుతూ కూర్చునేవాళ్ళం.

2025 సెప్టెంబర్ 11, గురువారం. తనకి ఫోన్ వచ్చింది. కోటు కూడా కుర్చీకే వదిలేసి పరిగెత్తింది. ఆ రోజు 52 మంది ఖైదీల్ని వదిలి లిథువేనియా సరిహద్దుకి తెచ్చారు. వాళ్ళన్న అందులో ఉన్నాడు. ట్రంప్ దూత జాన్ కోల్ మిన్స్క్‌లో లుకషెంకోతో మాట్లాడి కుదిర్చిన బేరం అది. బదులుగా బెలావియా మీద, అంటే ఆ దేశపు విమాన సంస్థ మీద, అమెరికా ఆంక్షలు సడలించింది.

నాకు అది ముందు ఆఫీసు మెయిళ్ళ రూపంలోనే వచ్చి పడింది. "బెలావియా మీద ఆంక్షలు తీసేశారట కదా, మా డబ్బు వదలండి" అని. అందరికీ ఒకటే జవాబు. 2023 ఆగస్టులో పెట్టిన ఆంక్షల్ని సడలించింది అమెరికా. యూరోపియన్ యూనియన్ 2021 డిసెంబర్లో పెట్టినవి అలాగే ఉన్నాయి. మేమున్నది యూనియన్లో. కాబట్టి వదలం. ఇది రాస్తూ పక్కన కుర్చీకి వేలాడుతున్న కోటు వైపు చూశాను. ఎందుకో సిగ్గనిపించింది.

వాళ్ళన్నని వారం తర్వాత చూశాను. గుండు, లోతుకుపోయిన బుగ్గలు. కుర్చీలో కూర్చోమంటే కూర్చుంటాడు, లేవమంటే లేస్తాడు, తనంతట తను కదలడు. జైల్లో రాజకీయ ఖైదీల బట్టల మీద పసుపు పట్టీ కుడతారు. అది ఉండే చోట, ఛాతీ మీద, మామూలు చొక్కా వేసుకున్నా చెయ్యి పోతూ ఉండేది.

పాస్‌పోర్టు లేదు. ఇవ్వకుండానే బస్సెక్కించారు. 2023 సెప్టెంబర్లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం బెలారస్ ఎంబసీలు విదేశాల్లో పాస్‌పోర్టులు ఇవ్వవు, కావాలంటే స్వదేశానికే వెళ్ళాలి. వెళ్తే మళ్ళీ లోపలికే. విడుదల అంటాం గానీ, వెళ్ళగొట్టడం అనే మాటే దీనికి సరిగ్గా సరిపోతుంది. ప్రతిపక్ష నేత మికోలా స్టాట్కెవిచ్ అదే రోజు సరిహద్దు దగ్గర బస్సు దిగిపోయి నేను నా దేశం వదలను అన్నాడు. మళ్ళీ జైలుకే తీసుకెళ్ళారు. ఆ సంగతి ఎత్తితే వాళ్ళన్న, "నాకు దిగాలన్న ఆలోచనే రాలేదు" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

కాగితాల పని నేను చూస్తానన్నాను. ఆశ్రయం దరఖాస్తు, వేలిముద్రలు, తాత్కాలిక కార్డు, ఇవన్నీ క్యూల వ్యవహారాలే. ఓపిక ఉంటే చాలు, అయిపోయాయి. చిక్కు బ్యాంకు దగ్గర వచ్చింది.

ఒక బ్యాంకులో దరఖాస్తు పెట్టాం. నాలుగో రోజు జవాబు: "మీ వివరాలు మా నిబంధనలకు సరిపోలేదు. కారణం వెల్లడించలేము." చదవగానే నాకు ముచ్చెమటలు పోశాయి. దాదాపు అవే మాటల్లో ఉండే ఉత్తరం మా కంపెనీ నుంచి జనాలకు పంపేది నేనే.

ఆ రాత్రి వాళ్ళన్న ముందే కూర్చుని, అతని అనుమతితో, డబ్బు కట్టి చూసే ఒక డేటాబేస్‌లో పేరు కొట్టాను. వచ్చింది. పక్కన "ఉగ్రవాదం" అని. విషయం ఏమిటంటే, బెలారస్ భద్రతా సంస్థ కేజీబీకి సొంతంగా ఒక ఉగ్రవాదుల జాబితా ఉంది. నిరసనకారుల్ని, జర్నలిస్టుల్ని కూడా అందులో వేసేస్తారు. సర్కారు జాబితా కదా అని డేటా అమ్మేవాళ్ళు దాన్నీ ఎత్తిపెట్టుకుంటారు. విమానాల కంపెనీకి ఒక జాబితాలో ఊరట దొరికింది. ఆ ఊరటకి బదులుగా వదిలిన మనిషి మాత్రం ఇంకో జాబితాలో ఉగ్రవాదిగానే ఉన్నాడు.

ఇంకో తలనొప్పి స్పెల్లింగు. బెలారస్ పేర్లని రష్యన్ పద్ధతిలో ఒకలా, బెలారూసియన్ పద్ధతిలో ఇంకోలా రాస్తారు. ప్రతిపక్ష నాయకురాలి పేరే చూడండి, టిఖనోవ్స్కాయా, త్సిఖనౌస్కాయా, రెండూ ఒకరే. వాళ్ళన్న ఇంటిపేరు తీర్పు కాపీలో ఒక రకం, ఇక్కడి కార్డులో ఒక రకం. రెండూ ఒకే మనిషివని నిరూపించడానికి మూడు వారాలు పట్టింది.

దారి దొరికింది 2014 నాటి యూరోపియన్ ఆదేశంలో. యూనియన్లో చట్టబద్ధంగా ఉంటున్న ఎవరికైనా, ఆశ్రయం కోరినవాళ్ళకైనా సరే, ప్రాథమిక ఖాతా పొందే హక్కు ఉంది. దరఖాస్తు పూర్తిగా అందాక పది పనిదినాల్లో తేల్చాలి. నా ఉద్యోగ శిక్షణలో ఇది చెప్పే ఉంటారు, నేను వినుండను. రెండో బ్యాంకుకి ఆ నిబంధన నంబరుతో సహా ఉత్తరం రాశాను. జాబితా ఎవరు తయారు చేశారో, ఏ కేసులో పెట్టారో వివరించాను. తీర్పు అనువాదం జతచేశాను. తొమ్మిదో రోజు ఖాతా తెరిచారు.

ఫారంలో "ఇటీవలి ఉద్యోగం" అని ఒక గడి. జైల్లో యూనిఫారాలు కుట్టించేవాళ్ళు. "టైలర్ అని రాయండి, నిజమే కదా" అన్నాడు. అతను నవ్వగా చూడటం అదే మొదటిసారి.

ఈ బేరం మంచిదేనా అని నన్నడిగితే సూటిగా చెప్పలేను. పాత ఫైళ్ళు చూస్తే భయమేస్తుంది. 2008లో ప్రతిపక్ష నేత కోజులిన్‌ని వదిలారు, అమెరికా రెండు కంపెనీలకి ఊరటనిచ్చింది. 2015 ఆగస్టులో ఆరుగుర్ని వదిలారు, అందులో ఇదే స్టాట్కెవిచ్ ఉన్నాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో యూరప్ చాలావరకు ఆంక్షలు ఎత్తేసింది. 2020కల్లా జైళ్ళు మళ్ళీ నిండాయి, ఈసారి వందల్లో, తర్వాత వేలల్లో. వదిలిన దానికి ధర వస్తుందని తెలిస్తే పట్టుకోవడం ఎందుకు ఆపుతారు? ఈ మాట పక్క సీటు అమ్మాయితో ఒకసారి అన్నాను. "నీ లెక్క కరెక్టే. అడిగితే ఇంకో పది విమానాలు కూడా ఇమ్మనేదాన్ని" అంది. మళ్ళీ ఆ వాదన పెట్టుకోలేదు.

డిసెంబర్ 13, శనివారం. వాళ్ళింట్లో ఉన్నాను. ఈసారి 123 మంది. నోబెల్ శాంతి బహుమతి పొందిన అలెస్ బియాలియాట్స్కీని లిథువేనియాకి పంపారు. 2020లో తనను దేశం దాటించబోతే పాస్‌పోర్టు చింపేసిన ప్రతిపక్ష నాయకురాలు మరియా కొలెస్నికోవాతో సహా ఎక్కువమందిని ఉక్రెయిన్‌కి పంపారు. బదులుగా అమెరికా పొటాష్ మీద ఆంక్షలు తీసేస్తానంది. పొటాష్ అంటే ఎరువు, ఆ దేశానికి ప్రధాన ఎగుమతుల్లో ఒకటి. సోమవారం మెయిళ్ళు ఎలా ఉంటాయో అప్పుడే తెలిసిపోయింది.

వాళ్ళన్న ముందు ఒక నోటుబుక్కు పేజీ ఉంది. తన బ్యారక్‌లో ఉన్నవాళ్ళ పేర్లు గుర్తున్నంతవరకు రాసుకున్నాడు. ఫోన్లో పేర్లు వస్తుంటే పెన్సిల్‌తో టిక్కులు పెడుతున్నాడు. ఎనిమిది టిక్కులు పడ్డాయి. పేజీలో చాలా పేర్లు మిగిలాయి.

పెన్సిల్ నా వైపు తిప్పి, "మీ దగ్గర లిస్టు ఉంటుంది కదా, ఇంకా ఏమేం మిగిలాయి?" అన్నాడు.

లాప్‌టాప్ తెరిచి చదివాను. మాజ్, లారీలు చేస్తుంది. బెలాజ్, గనుల డంపర్లు. గ్రోడ్నో అజోత్, ఎరువులు. అతను ఒక్కొక్కటీ పేజీకి కుడిపక్కన రాసుకుంటున్నాడు.

"బెలాజ్‌కి ఎంతమంది వస్తారంటారు?" అని అడిగాడు.