తాళం మీద డబ్బులు పోసి స్క్రూల సంగతి మర్చిపోయా

మూడు వారాల క్రితం ఆదివారం పొద్దున్నే చెత్త బయట పెడదామని గుమ్మం దాటానో లేదో, గాలికి తలుపు ధడేల్మని పడిపోయింది. తాళంచెవులు లోపల, ఫోన్ లోపల, ఇంట్లో ఎవరూ లేరు. నేను బనీను మీద బయట. ఆ తలుపుకి ఉన్నది మామూలు తాళం కూడా కాదు, పోయినేడే బోలెడు పోసి కొన్నది, పెట్టె మీద "హై సెక్యూరిటీ" అని పెద్ద పెద్ద అక్షరాలు, కనపడిన ప్రతివాడికీ చూపించి గొప్పలు కూడా చెప్పుకున్నా.

పక్కవాళ్ల ఫోన్ తీసుకుని మాకు తెలిసిన వడ్రంగి బాబాయ్‌ని పిలిచా. డ్రిల్లు అవీ తెచ్చి తాళం పగలగొడతాడేమో, ఎంత నష్టమో అని నేను లెక్కలేసుకుంటుంటే ఆయన సంచిలోంచి వంచితే వంగే ప్లాస్టిక్ ముక్క ఒకటి తీసి తలుపు సందులో పెట్టి కాస్త ఆడించాడు, టక్. నేను మనసులో పది లెక్కపెట్టేలోపు అయిపోయింది.

"ఇంతేనా బాబాయ్?" అన్నా, నిజంగా ఏడుపొక్కటే తక్కువ.

"లాగితే దానంతటది పడేది తాళం కాదు బాబూ, అది గాలికి తలుపు కొట్టుకోకుండా ఉండటానికి" అన్నాడు.

తర్వాత విడమర్చి చెప్పాడు. తలుపు లాగగానే పడే నాలుకకి ఒకవైపు ఏటవాలుగా ఉంటుంది, వెనక స్ప్రింగు ఉంటుంది, అందుకే ఏది నెట్టినా లోపలికి పోతుంది. డెడ్‌బోల్ట్ అలా కాదు, నలుచదరం దిమ్మ, స్ప్రింగ్ ఉండదు, తాళంచెవి గానీ లోపలి నాబ్ గానీ తిప్పితేనే కదులుతుంది. అది కనీసం ఒక అంగుళమన్నా బయటికి రావాలట. తమాషా ఏంటంటే నా తాళంలో అదీ ఉంది, ఇంకోసారి తాళంచెవి తిప్పితే పడుతుంది, కానీ నేను ఏడాది నుంచి ఒక్కసారి కూడా తిప్పలేదు, తలుపు లాగేసి వెళ్లిపోవడమే. మీ తాళం కూడా అలాంటిదేమో ఒకసారి చూసుకోండి, పైసా ఖర్చు లేని రిపేరు ఇది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన ద్వారబంధానికి ఉన్న రేకు చూశాడు, అదే, గడియ వెళ్లి కూర్చునే చోట ఉంటుందే, స్ట్రైక్ ప్లేట్ అంటారు. దాని స్క్రూ ఒకటి విప్పి నా అరచేతిలో పెట్టాడు. చూస్తే నా చిటికెన వేలు మొదటి కణుపంత కూడా లేదు, రెండు సెంటీమీటర్లలోపే. అంత ఖరీదు పెట్టిన తాళాన్ని గోడ వైపు పట్టుకుని ఉన్నవి ఇలాంటివి రెండు. పైగా గడియ కోసం తొలిచిన గుంతకీ చెక్క అంచుకీ మధ్య మిగిలింది వేలెడు మందం కూడా లేదు. గట్టిగా ఒక్క తన్ను తంతే తాళానికి ఏమీ కాదు, అది భద్రంగా తలుపుకే ఉంటుంది, విరిగేది ఈ చెక్క.

ఆ మధ్య చదివిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. లండన్‌లో బ్రామా అనే ఆయన కంపెనీ వాళ్లు 1790లో షాపు అద్దాల్లో ఒక తాళం పెట్టి, దీన్ని తీసినవాడికి 200 గినీలు (అప్పటి ఇంగ్లండ్ బంగారు నాణేలు) ఇస్తామన్నారు. 1851లో హాబ్స్ అనే అమెరికన్ వచ్చేదాకా ఎవరివల్లా కాలేదు, ఆయనకి కూడా 16 రోజుల్లో కలిపి 50 గంటలకు పైనే పట్టింది. సరే, మనింటికొచ్చే దొంగకి 16 రోజులు ఎక్కడివి? వాడికి కావాల్సింది రెండు నిమిషాలు, చప్పుడు తక్కువ. తాళంతో కుస్తీ ఎందుకు పడతాడు, మెత్తగా ఉన్న చోటు చూసుకుంటాడు గానీ. నేనేమో అన్నాళ్లూ తాళం ఎంత గొప్పదా అని చూశా, అది దేన్ని పట్టుకుని ఉందో చూడలేదు.

ఇక పని. పాత రేకు తీసేసి పొడవాటి మందం రేకు వేశాం, మూడంగుళాల స్క్రూలతో. ముందు సన్నగా బెజ్జం వెయ్యకపోతే చెక్క చీలుతుంది, అందుకని డ్రిల్ చేసి, స్క్రూ మరలకి ఎండు సబ్బు ముక్క రుద్ది బిగించాడు, వెన్నలోకి దిగినట్టు దిగింది. బంధం వెనక చెక్క స్తంభం ఉన్న ఇళ్లయితే ఆ స్క్రూ నేరుగా దాంట్లోకి పోతుంది. మాది ఇటుక గోడ, బంధాన్ని పట్టి ఊపితే కొద్దిగా కదిలింది కూడా (ఇన్నేళ్లుగా కదులుతూనే ఉందన్నమాట), అందుకని రెండు వైపులా బంధంలోంచి గోడలోకి యాంకర్ బోల్టులు (బిగిస్తే గోడ లోపల పట్టేసుకునే బోల్టులు) దించాడు. ఇల్లంతా ఎర్రదుమ్ము, తుడవడానికే సాయంత్రం అయింది.

మడతబందులు కూడా చూసుకోవాలి. తలుపు బయటికి తెరుచుకునేదైతే బందుల పిన్నులు బయటే ఉంటాయి, అవి కొట్టి తీసేస్తే మీ తాళం ఎంత మంచిదైనా తలుపు ఇటువైపు నుంచి ఊడొచ్చేస్తుంది. పిన్ను రాని రకం బందులు ఉంటాయి, లేదంటే తలుపు అంచుకి గట్టి మేకులాంటిది పెట్టి ఎదురుగా బంధంలో బెజ్జం వేస్తే, తలుపు మూసినప్పుడు అది అందులో దూరి పట్టేసుకుంటుంది.

ఊరెళ్లేటప్పుడు బయట గొళ్లేనికి తాళంకప్ప వేసే అలవాటు నాకూ ఉండేది. అది ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టే. తప్పనిసరైతే గొళ్లెం స్క్రూలు బయటికి కనపడకుండా ఉండాలి, తలుపులోంచి అవతలికి బోల్టు వేసి లోపల నట్టు బిగించాలి, లేకపోతే తాళంకప్ప జోలికే పోకుండా స్క్రూడ్రైవర్‌తో పని కానిచ్చేస్తారు. గొలుసు గురించి నా అభిప్రాయం అడిగితే అది ఉత్త ధైర్యం, దానివీ చిన్న స్క్రూలే, భుజంతో ఒకసారి నెడితే ఊడొస్తుంది. వచ్చింది ఎవరో తెలియనప్పుడు డోర్ వ్యూయర్‌లో చూసి, తలుపు తియ్యకుండానే మాట్లాడితే సరిపోతుంది.

మా బావమరిది వచ్చి "ఏంటి బావా ఇంకా తాళంచెవులేంటి, వేలిముద్రది పెట్టించు" అన్నాడు. పెట్టొచ్చు, తాళంచెవులు మర్చిపోయే నాలాంటోడికి సుఖమే, బ్యాటరీలు అయిపోయే ముందు అదే చెప్తుంది కూడా. కాకపోతే దాని గడియ కూడా వెళ్లి కూర్చునేది ఆ చెక్కలోనే కదరా అన్నా.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తా. లోపలివైపు కూడా తాళంచెవితోనే తీసే రకం పెట్టించుకునే ముందు బాగా ఆలోచించండి. రాత్రి పూట మంటలు అంటుకుంటే పొగలో, చీకట్లో తాళంచెవి ఎక్కడని వెతుకుతాం? తలుపు పక్కన అద్దం ఉంది, పగలగొట్టి చెయ్యి పెడతారేమో అని భయమైతే ఆ అద్దం సంగతి చూడాలి, సెక్యూరిటీ ఫిల్మ్ (పగిలినా అద్దం ఊడిపోకుండా పట్టుకునే పొర) అంటించడమో గ్రిల్ పెట్టించడమో. మేం ఫిల్మ్ వేయించి, లోపల నాబే ఉంచాం.

అన్నీ అయ్యాక బాబాయ్ తలుపు మూసి భుజంతో ఒక్కటిచ్చాడు. బంధం ఉలకలేదు, పలకలేదు, ఆయనే భుజం రుద్దుకున్నాడు. నేను ఉప్పొంగిపోతూ కాళ్లు కడుక్కుంటాడని పెరటివైపు తీసుకెళ్లా. అక్కడి తలుపుకి ఉన్న టవర్ బోల్టుని, అదే, జరిపి వేసే గడియని, వేలితో అటూ ఇటూ ఆడించి, నా మొహం చూసి, "వచ్చే ఆదివారం ఖాళీయేనా బాబూ?" అన్నాడు.