వర్క్‌షాప్ ట్రాలీ ఇంట్లోనే చేసుకున్నా, చక్రాల దగ్గర మొదలెట్టి

విజయవాడలో మా ఇంటి పక్కనున్న షెడ్డు చాలా చిన్నది. బెంచ్ డ్రిల్లు, బెంచ్ వైసు (ఇనుప ముక్కని బిగించి పట్టుకునేది), చాప్‌సా (ఇనుము కోసే మిషను), గ్రైండర్లు, స్పానర్ల పెట్టెలు అన్నీ ఒక ట్రాలీ మీద పెట్టుకుని పనున్నప్పుడు వాకిట్లోకి తోసుకోవాలి, అయిపోయాక మళ్ళీ లోపలికి. నేలేమో నాపరాళ్ళు, రాయికీ రాయికీ మధ్య సందులు. ఎవర్ని అడిగినా పైపు ఏ సైజు, ప్లైవుడ్ ఎంత మందం అనే మొదలెడతారు గానీ నాకైతే ముందు తేలాల్సింది చక్రాలే అనిపించింది, ఎందుకంటే మిగతా లెక్కంతా వాటి మీదే నిలబడుతుంది.

సామాన్ల బరువు 100 కేజీలు, ట్రాలీ సొంత బరువు ఇంకో 40, వైసులో రాడ్ బిగించి ఒళ్ళంతా వాల్చి లాగితే పడే భారం కొంత, మొత్తం 180 అనుకున్నా. చక్రాలు నాలుగు కదా అని నాలుగుతో భాగించకూడదు, ఎగుడుదిగుడు నేలమీద ఎప్పుడూ ఒక చక్రం గాల్లో తేలుతూ ఉంటుంది కాబట్టి మూడుతోనే భాగించాలి. అంటే ఒక్కో చక్రానికి 60 కేజీలు, అందుకని 100 కేజీల రేటింగ్ ఉన్నవి తీసుకున్నా. నైలాన్ చక్రం గట్టిదే గానీ రాళ్ళమీద గడగడమని చప్పుడు, మెత్త రబ్బరు బరువుతో ఒకేచోట నెలల తరబడి నిలబడితే అణిగిపోతుంది, రెండిటి మధ్యలో పీయూ (పాలీయూరిథేన్) బాగుంటుంది. సందుల్లో దిగబడకుండా 5 ఇంచులవి, రెండు ఫిక్స్‌డ్, రెండు తిరిగేవి బ్రేకుతో. బ్రేకు వేస్తే చక్రంతో పాటు దాని మెడ కూడా బిగుసుకునే రకం అడిగి మరీ తీసుకోండి, లేకపోతే ఆకురాయితో రాకేటప్పుడు ట్రాలీ అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది.

ఇంక ఫ్రేము. ఆటోనగర్‌లో పైపు కోసే పెద్దాయన "ఎల్ యాంగిల్ వేసుకో అబ్బాయ్, చవగ్గా అయిపోద్ది" అన్నాడు. "చవకే బాబాయ్, కానీ మెలి తిరిగిపోద్ది" అన్నా. యాంగిల్ ఒక పక్క తెరిచి ఉంటుంది, ఒక మూల చక్రం సందులో పడగానే ఫ్రేము మెలిపడుతుంది, నాలుగు పక్కలా మూసున్న స్క్వేర్ పైపు ఆ మెలిని బాగా తట్టుకుంటుంది. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, నాకు చాలా నచ్చింది కూడా. 25 ఎంఎం పైపుకి గోడ మందం 2 నుంచి 3 ఎంఎంకి పెంచితే బరువు 43 శాతం పెరుగుతుంది, వంగకుండా ఆపే బలం 33 శాతమే పెరుగుతుంది. అదే మందం 2 లోనే ఉంచి పైపుని 38 ఎంఎంకి మారిస్తే బరువు ఒకటిన్నర రెట్ల పైచిలుకు, బలం దాదాపు నాలుగు రెట్లు! అందుకే చక్రాలు మోసే కింది చట్రం 38, నిలువు కాళ్ళు, పై చట్రం 25, అన్నీ 2 ఎంఎం గోడవే. 1.2 ఎంఎం పైపు తేలిగ్గా ఉంటుంది గానీ మామూలు రాడ్ వెల్డింగ్‌లో ఇట్టే చిల్లు పడుతుంది.

కింది చట్రం మూలల్లో 6 ఎంఎం ప్లేట్లు వెల్డ్ చేయించి చక్రాలు బోల్టులతో బిగించా, చక్రాన్ని నేరుగా వెల్డ్ చేస్తే ఆ వేడికి బేరింగ్ గ్రీజు పోతుంది, రేపు మార్చాలన్నా కుదరదు. వెల్డింగ్‌లో ముందు అన్ని మూలలకీ టాక్ (చిన్న చుక్క వెల్డ్) మాత్రమే వేయించి, టేపుతో రెండు ఐమూలలూ కొలిచి సమానంగా వచ్చాకే ఎదురెదురు మూలలు మార్చి మార్చి ఫుల్ వెల్డ్. ఒక్క మూలమట్టంతో సరిపెట్టుకుంటే వేడికి ఎక్కడ లాగిందో తెలీదు.

సైజు 3 అడుగులు బై 2 అడుగులు, ఎత్తు చక్రాలతో కలిపి 34 ఇంచులు. వెడల్పు అడుగున్నర చాలన్నారు కొందరు, ఒప్పుకోలేదు. తిరిగే చక్రం లోపలికి తిరిగినప్పుడు నేలని తాకే చోటు కూడా ఇంచున్నర దాకా లోపలికి జరుగుతుంది, బరువైన డ్రాయర్ బయటికి లాగినప్పుడు ట్రాలీ తిరగబడేది అప్పుడే. అందుకే చాప్‌సా కింది అరలో, ఇనుప సామాన్ల డ్రాయర్లు కిందికి, తేలికవి పైకి.

పైన 3 ఎంఎం ఇనుప రేకు వేద్దామనీ ఆలోచించా, అదొక్కటే 13 కేజీలు, ఆ బరువంతా పైన చేరడం నాకిష్టం లేదు. 18 ఎంఎం బీడబ్ల్యూఆర్ (తడిని బాగా తట్టుకునే రకం) ప్లైవుడ్ వేశా, అంచులకి కూడా వార్నిష్ పట్టించా, మన దగ్గర వానాకాలం గాలి తేమకి పార్టికల్ బోర్డు అయితే ఉబ్బి స్క్రూలు వదిలేస్తుంది. దానిమీద 6 ఎంఎం ప్లై ముక్క స్క్రూలతో, పాడైతే అది తీసి ఇంకోటి.

ఎక్కువమంది వదిలేసేది వెనక పలక. ఉత్త ఫ్రేముని పైన పట్టుకుని పక్కకి ఊపితే ఊగుతుంది, కాళ్ళు ఎంత లావున్నా సరే, చతురస్రం పక్కకి వాలిపోవాలనే చూస్తుంది. వెనకా, ఒక పక్కా 9 ఎంఎం ప్లై బోల్టులతో బిగించగానే ఆ ఊపు ఆగిపోయింది, ఐమూల పట్టీ వేసినంత పని ఆ పలకే చేస్తుంది, పైగా దానికే స్పానర్లు తగిలించుకోవచ్చు.

బెంచ్ వైసుని మాత్రం బ్రేకు చక్రం ఉన్న మూలలో, కాలికి సరిగ్గా పైన, పైపులోంచి దూరే బోల్టులతో బిగించుకోండి, ప్లైవుడ్ మధ్యలో వద్దు.